నేనే తీసిన గడియ

2022 డిసెంబరులో ఒక సాయంత్రం కంప్యూటర్ తెర మీద విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు చిన్న పెట్టె ఒకటి వచ్చింది. శాతం అంకె నెమ్మదిగా పెరుగుతోంది. అయితే అవనీలే అని లేచి వెళ్ళి కుక్కర్ పెట్టాను. మూడు విజిల్స్ వచ్చి, పప్పు ఎనిపి, తిరగమోత వేసి వచ్చేసరికి నా పదకొండేళ్ళ పని పోయింది.

ఆ పెట్టె విండోస్ వేసింది కాదని తర్వాత తెలిసింది. వైరస్ లోపల ఫైళ్ళకి తాళాలు వేసుకుంటూ పోతుంటే డిస్క్ గరగరలాడుతుంది, కంప్యూటర్ మొరాయిస్తుంది. మనకి అనుమానం వచ్చి ఆపేస్తామేమోనని అలాంటి దొంగ అప్‌డేట్ బొమ్మ చూపిస్తుందట. నాకు అనుమానం రాలేదు. వంటకి టైం దొరికిందనుకున్నాను.

నేను బెంగళూరు మారతహళ్ళిలో ఇంట్లోనే తెలుగు డీటీపీ చేస్తాను. మాది హిందూపురం వైపు. ఇక్కడ తెలుగువాళ్ళకి కొదవలేదు గానీ తెలుగు కంపోజింగ్ చేసేవాళ్ళు తక్కువ. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, కర్మకాండల పత్రికలు, ఎప్పుడైనా ఒక పుస్తకం. ఆ డిసెంబరులో మాఘమాసం ముహూర్తాల కార్డులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఒక పార్టీ పాత కార్డు పీడీఎఫ్ పంపి, అందులో పేర్లు మార్చి ఇమ్మంది. పీడీఎఫ్‌లో మార్పులు చేసే సాఫ్ట్‌వేర్ కొనాలంటే డబ్బు, మళ్ళీ టైప్ చేయాలంటే గంట పని. గంట మిగులుతుందని క్రాక్, అంటే డబ్బు కట్టకుండా నడిచేలా చేసిన దొంగ కాపీ, వెతికాను.

దొరికింది. జిప్ ఫైలు, దానికి పాస్‌వర్డ్ 1234. ఊరందరికీ పంచిపెట్టే ఫైలుకి పాస్‌వర్డ్ ఎందుకని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. లోపల ఏముందో యాంటీవైరస్ తొంగి చూడకుండా అలా మూట కడతారు. మూట విప్పగానే విండోస్‌లో ఉండే డిఫెండర్ పట్టేసుకుని పక్కన పడేసింది. దాంతోపాటు వచ్చిన సూచనల్లో 'యాంటీవైరస్ ఆపండి, క్రాక్‌ని అది పొరపాటున వైరస్ అనుకుంటుంది' అని రాసి ఉంది. ఆపాను. కాసేపటికి దానంతటదే మళ్ళీ ఆన్ అయి మళ్ళీ పట్టుకుంది. ఈసారి ఆ ఫోల్డర్‌ని చూడొద్దని మినహాయింపుల జాబితాలో పెట్టాను. నడిపేముందు విండోస్ ఇంకోసారి అడిగింది, ఈ ప్రోగ్రాంకి మార్పులు చేసే అధికారం ఇవ్వమంటావా అని. 'ఎస్' కొట్టాను. గడియలు మూడూ నా చేత్తోనే తీశాను.

ప్రతి ఫైలు పేరు చివరా ఏ భాషా కాని నాలుగక్షరాల తోక వచ్చింది. ఏదీ తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్‌లోనూ రీడ్‌మీ అని ఒక చీటీ. కంగారు పడొద్దు, మీ ఫైళ్ళన్నీ తిరిగి తెచ్చుకోవచ్చు అంటూ ఓదార్పుతో మొదలై, 980 డాలర్ల దగ్గర తేలింది. 72 గంటల్లోపు మాట్లాడితే సగం ధరకే, 490. అప్పటి లెక్కన నలభై వేల రూపాయలు. నమ్మకం కోసం ఒక ఫైలు ఉచితంగా తెరిచి చూపిస్తారట. చీరల కొట్టులో కూడా ఇంత మర్యాద ఉండదు.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇంకా తెరుచుకునేవి ఏమైనా మిగిలితే కాపీ చేసుకుందామని బీరువాలో ఉన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తీసి వైరు చేతిలో పట్టుకున్నాను. అదే చేత్తో మా అక్క కొడుక్కి ఫోన్ చేశాను. వైట్‌ఫీల్డ్‌లో ఐటీలో ఉన్నాడు.

"చిన్నమ్మా, ఆ డిస్క్ తగిలించలేదు కదా?"

"ఇప్పుడే పెడుతున్నా నాయనా."

"పెట్టొద్దు! దాన్ని ఇంకో గదిలో పెట్టి రా ముందు. తర్వాత నెట్ వైరు పీకు. ఆ తర్వాత కంప్యూటర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపెయ్."

ఆ డిస్క్‌లో తొమ్మిది నెలల కిందటి కాపీ ఉంది. అదేదో జాగ్రత్తతో చేసిందేమీ కాదు; సి డ్రైవ్ నిండిపోయిందని ఉగాదికి ముందు పాతవన్నీ అందులో వేశాను. నేను ఇంకో రెండు నిమిషాలు ఆగి ఫోన్ చేసి ఉంటే అది కూడా ఉండేది కాదు.

మరునాడు మావాడు తన ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చాడు. ఆ చీటీని, పాడైన ఫైలు ఒకదాన్ని ఐడీ రాన్సమ్‌వేర్ అనే సైట్‌లో వేస్తే (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌ని రాన్సమ్‌వేర్ అంటారు), వచ్చిన జబ్బు పేరు స్టాప్ డీజావూ అని తేలింది. ఇళ్ళలోని కంప్యూటర్ల మీద పడేది ఎక్కువగా ఇదేనట, క్రాకుల ద్వారానే వస్తుందట. నో మోర్ రాన్సమ్ అని యూరప్ పోలీసులు, డచ్ పోలీసులు, రెండు సెక్యూరిటీ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన సైట్ ఉంది. ఏ రకానికి ఉచితంగా తాళంచెవి దొరుకుతుందో అందులో చూడొచ్చు. డీజావూ రెండు రకాలుగా తాళం వేస్తుంది. దాని యజమాని సర్వర్‌తో మాట్లాడగలిగితే ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో కొత్త తాళం. మాట్లాడలేకపోతే తనతో తెచ్చుకున్న ఒకే తాళం అందరికీ. రెండోరకం అయితే ఎమ్సీసాఫ్ట్ కంపెనీవాళ్ళు ఇచ్చే ఉచిత సాధనంతో తెరుచుకునే అవకాశం ఉంటుంది. చీటీలో ఇచ్చిన ఐడీ చివర 't1' అని ఉంటే రెండోరకమని గుర్తు.

మేమిద్దరం ఆ ఐడీ చివరి రెండక్షరాలు చూశాం. t1 కాదు. మా ఇంట్లో నెట్ బాగానే పనిచేస్తోంది కదా మరి.

డబ్బు కట్టే ఆలోచన మా ఆయనకి వచ్చింది. "నలభై వేలు పోతే పోయాయి" అన్నాడు. మావాడు ఒప్పుకోలేదు. కట్టినా ఇస్తారన్న భరోసా లేదు, ఇచ్చినా కట్టేవాళ్ళ జాబితాలో మన పేరు చేరుతుంది అన్నాడు. సైబర్ క్రైం పోర్టల్‌లో ఫిర్యాదు మాత్రం పెట్టాం. బ్యాంకు నుంచి డబ్బు పోయుంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, మాకు పోలేదు.

అయితే పోవడానికి ఆస్కారం ఉంది. నాకు అసలు టెన్షన్ పట్టుకుంది ఇక్కడే. ఈ డీజావూ ఒంటరిగా రాదు. పాస్‌వర్డులు ఎత్తుకెళ్ళే ఇంకో దొంగని వెంటపెట్టుకుని వస్తుందట చాలాసార్లు. నా బ్రౌజర్‌లో బ్యాంకుతో సహా అన్ని పాస్‌వర్డులూ సేవ్ అయి ఉన్నాయి, టైప్ చేసే పని ఉండదని. పైగా సగం వాటికి ఒకే పాస్‌వర్డ్, మా ఊరి పేరూ నా పుట్టిన సంవత్సరమూ.

అన్నీ ఫోన్లోంచి మార్చాం, పాడైన కంప్యూటర్ని ముట్టుకోకుండా. ముందు ఈమెయిల్, ఎందుకంటే మిగతా వాటన్నిటి పాస్‌వర్డులు మార్చుకునే దారి దాని మీదుగానే పోతుంది. మార్చగానే అయిపోయిందనుకున్నాను. మావాడు 'అన్ని డివైజుల నుంచీ సైన్ అవుట్' కూడా చేయించాడు. కుకీల సంగతి అప్పుడే అర్థమైంది నాకు. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి బయటికొచ్చేవాళ్ళకి పాస్ ఇస్తారే, బ్రౌజర్ దాచుకునే కుకీ అలాంటిది. ఆ పాస్ చేతిలో ఉన్నవాణ్ణి గేటు దగ్గర టికెట్ అడగరు. దొంగ దాన్ని పట్టుకుపోతే మన పాస్‌వర్డ్‌తో వాడికి పనేముంది? సైన్ అవుట్ చేస్తే పాత పాసులన్నీ చెల్లవు. ఆ తర్వాత పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగే రెండంచెల లాగిన్ పెట్టాం. పాస్‌వర్డులన్నీ ఒకే తాళం కింద దాచే బిట్‌వార్డెన్ అనే ప్రోగ్రాం ఇప్పుడు వాడుతున్నాను. దాని ఒక్క పాస్‌వర్డూ కాగితం మీద రాసి, నగలు పెట్టిన చోటే పెట్టాను. కాగితం మీద రాయకూడదంటారు. బీరువాలోకి చేయిపెట్టగలిగే హ్యాకర్ రష్యాలో ఉండడు కదా.

పోయిన ఫైళ్ళలో కార్డుల సంగతి వదిలేయండి, మళ్ళీ చేశాను, రాత్రిళ్ళు కూర్చుని. ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ గారి పుస్తకం ఉంది. వాళ్ళ ఊరి చరిత్ర, 180 పేజీలు, మూడు ప్రూఫులు అయిపోయి ప్రెస్సుకి వెళ్ళాల్సింది. జూన్‌లో మొదలుపెట్టిన పని కాబట్టి పాత డిస్క్‌లో లేదు. ఫోన్ చేసి చెప్పడానికి రెండు రోజులు పట్టింది నాకు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మూడో ప్రూఫు కాగితాలు నా దగ్గరే ఉన్నాయి కదమ్మా" అన్నారు చివరికి. ఎర్రసిరా దిద్దుబాట్లతో సహా బస్సులో పంపించారు. ఇరవై రెండు రోజుల్లో మళ్ళీ టైప్ చేశాను, కూలి తీసుకోకుండా. దొరికిందే సందని ఆయన చెరువు మీద ఇంకో అధ్యాయం కూడా రాసి పంపారు.

ఒక చిన్న ఊరట గురించి చెప్పాలి, ఇలాంటి దెబ్బ తిన్నవాళ్ళకి పనికొస్తుంది. డీజావూ తొందరలో ఉంటుంది. ప్రతి ఫైలునూ పూర్తిగా తాళం వెయ్యదు, మొదటి 150 కేబీ మాత్రమే చెడగొడుతుంది. చిన్న ఫైలుకి అదే చావు. పెద్ద జిప్ ఫైలుకి మాత్రం తల ఒక్కటే పోతుంది. క్లిపార్టులు, బోర్డర్ డిజైన్లు అన్నీ నేను పెద్ద పెద్ద జిప్పులుగా ఉంచాను. తోక తీసేసి విప్పితే మొదటి ఒకటి రెండు బొమ్మలు తప్ప మిగతావన్నీ వచ్చాయి. వినాయకుడి బొమ్మలన్నీ బయటపడ్డాయి. శుభలేఖ పనికి అదే ముఖ్యం.

ఇక కంప్యూటర్. స్కాన్ చేసి వాడుకుందామని నేను, మొత్తం తుడిచేద్దామని మావాడు. వాడే నెగ్గాడు. ఒకసారి లోపలికి వచ్చి అంత స్వేచ్ఛగా తిరిగినవాడు ఏ మూల ఏం దాచాడో స్కాన్ చెప్పలేదన్నాడు. తాళం పడిన ఫైళ్ళన్నిటినీ ఒక పాత డిస్క్‌లోకి ఎత్తిపెట్టి, వాడి ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ దించి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసి, డిస్క్‌లోని భాగాలు (పార్టిషన్లు) కూడా చెరిపి కొత్తగా వేశాడు. అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. 2018లో కంప్యూటర్ షాపులుండే ఎస్.పి. రోడ్డులో ఈ కంప్యూటర్ అసెంబుల్ చేయించినప్పుడు షాపతను వేసిచ్చిన విండోస్ కూడా క్రాకే. అతను మోసం చేశాడని అనలేను. "అక్కా, ఒరిజినల్ కావాలా, మామూలుదా?" అని అడిగాడు, నేను మామూలుదే అన్నాను. ఈసారి లైసెన్స్ కొన్నాను. పీడీఎఫ్ పనికి ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ డ్రా సరిపోతోంది. తెలుగు అక్షరాలు అప్పుడప్పుడూ చెదురుతాయి, అప్పుడు టైప్ చేస్తాను. గంట పని.

కొత్త ఏర్పాట్లలో ఒకటి మొదట్లో విసుగు పుట్టించింది. రోజూ పనిచేసుకునే ఖాతా మామూలు యూజర్. ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే అడ్మిన్ ఖాతా పాస్‌వర్డ్ కొట్టాలి. అంతకుముందు 'ఎస్' అని నొక్కేస్తే అయిపోయేది. ఇప్పుడు పాస్‌వర్డ్ చీటీ కోసం బీరువా దాకా నడవాలి. ఆ నాలుగడుగుల్లో ఇది నిజంగా కావాలా అనిపిస్తుంది, సగంసార్లు మధ్యలోనే వెనక్కి వస్తాను. కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని విండోస్‌లోనే ఇంకోటి ఉంది. తెలియని ప్రోగ్రాం ఏదీ మన డాక్యుమెంట్ల ఫోల్డర్లలో చెయ్యి పెట్టకుండా ఆపుతుంది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. ఆన్ చేసిన రోజున నేను కంపోజింగ్ చేసే పేజ్‌మేకర్‌నే దొంగ అనుకుని ఫైలు సేవ్ చేయనివ్వలేదు. అనుమతించిన వాటి జాబితాలో దాన్ని చేర్చడం తెలిసేదాకా డిఫెండర్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆపెయ్యలేదు మాత్రం.

ఫైలు పేరు చివర అది ఏ రకమో చెప్పే ఎక్స్‌టెన్షన్ కనబడేలా పెట్టుకోవడం చిన్న పనే, అరనిమిషం పట్టదు. విండోస్ మామూలుగా దాన్ని దాచేస్తుంది. అందుకే 'కార్డ్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ' అన్నది, నిజానికి అదొక ప్రోగ్రాం, మనకి 'కార్డ్ డాట్ పీడీఎఫ్' అని కనబడి మోసం చేస్తుంది. నాకు రోజూ ముక్కూమొహం తెలియనివాళ్ళు ఫైళ్ళు పంపుతారు, వాట్సాప్ వెబ్‌లోనో మెయిల్‌లోనో. 2024 చివర్లో పెళ్ళి పిలుపు పేరుతో ఏపీకే ఫైళ్ళు (ఆండ్రాయిడ్ ఫోన్లో యాప్ వేసేవి) పంపి ఫోన్లు దోచుకుంటున్నారని పోలీసులు హెచ్చరించారు. అప్పట్నుంచి నా పార్టీలకి ముందే చెబుతున్నాను, నా కార్డు బొమ్మగానో పీడీఎఫ్‌గానో తప్ప ఇంకోలా రాదని. నా పొట్ట మీద కొట్టే మోసం అది. పిలుపు చూడ్డానికే జనం భయపడితే కార్డు ఎవరు చేయించుకుంటారు?

పెన్‌డ్రైవులు ఇంకో తంటా. చిక్‌పేట ప్రెస్సుకి ఇచ్చిన పెన్‌డ్రైవ్ తిరిగి వచ్చేసరికి లోపలి ఫోల్డర్లన్నీ మాయమై షార్ట్‌కట్లు కనబడటం మా పనిలో ఉన్నవాళ్ళందరికీ అనుభవమే. అసలు ఫైళ్ళు దాక్కుని ఉంటాయి, ఆ షార్ట్‌కట్ నొక్కితే వైరస్ నడుస్తుంది. ఇప్పుడు ప్రెస్సుకి ఒకే పెన్‌డ్రైవ్, ఎర్రదారం కట్టింది. వెనక్కి రాగానే దేన్నీ తెరవకుండా ఫార్మాట్. పార్టీలు పెన్‌డ్రైవ్ తెస్తే మొహమాటం లేకుండా మెయిల్ చేయమంటాను. పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. హెడ్మాస్టర్ గారు మాత్రం నవ్వారు.

రూటర్ సంగతి మావాడు అడిగేదాకా నాకు గుర్తే లేదు. నెట్ పెట్టిన అబ్బాయి ఏం పెట్టాడో అదే. వైఫై పాస్‌వర్డ్ మా ఆయన ఫోన్ నంబరు, రూటర్ సెట్టింగుల్లోకి వెళ్ళే పేరూ పాస్‌వర్డూ రెండూ 'అడ్మిన్'. మేడ మీద పిల్లలకి, పాలబ్బాయికి కూడా మా వైఫై తెలుసు. రెండూ మార్చాం. బటన్ నొక్కితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్ ఆపేశాం, బయటి నుంచి రూటర్‌లోకి వచ్చే దారి మూసేశాం, రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) అప్‌డేట్ చేశాం. పిల్లలకి వేరే గెస్ట్ వైఫై పెట్టాం, అడిగితే లేదనడం మా ఇంటావంటా లేదు.

మా ఆయన వంతు కూడా వచ్చింది ఒకసారి. పంచాంగం చూద్దామని ఏదో సైట్‌లోకి వెళ్ళాడు. తెర నిండా ఎర్రగా 'మీ కంప్యూటర్‌కి వైరస్ పట్టింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి' అని, సైరన్ మోతతో సహా. ఒకసారి కాలినవాళ్ళం కదా, ఆయన వణికిపోయి ఫోన్ తీశాడు. నంబరు కొడుతుండగా చూశాను. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. ఫోన్ చేస్తే అవతలివాడు తీయగా మాట్లాడి, దూరం నుంచి కంప్యూటర్ నడిపించే ఎనీడెస్క్ వేయించి, కంప్యూటర్ తన చేతిలోకి తీసుకుంటాడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని మూసేస్తే సైరన్ ఆగిపోయింది. అంతే వైద్యం. తర్వాత చూస్తే ఏదో సైట్ నోటిఫికేషన్లు పంపొచ్చా అంటే ఈయన 'అలౌ' కొట్టి ఉన్నాడు, తీసేశాను.

బ్యాకప్ నా ఒక్కదాని పట్టుదల. రెండు డిస్కులు కొన్నాను. శుక్రవారం సాయంత్రం దీపం పెట్టాక ఒకటి తగిలిస్తాను, కాపీ అవగానే పీకేస్తాను. తగిలించే ఉంచితే అది బ్యాకప్ కాదు, వైరస్‌కి ఇంకో ఫోల్డర్. రెండోది వైట్‌ఫీల్డ్‌లో మావాడింట్లో ఉంటుంది, నెలకోసారి మారుస్తాం. నడుస్తున్న పుస్తకాలు గూగుల్ డ్రైవ్‌లో కూడా ఉంటాయి. చెడిపోయిన ఫైలు కూడా అందులోకి పరిగెత్తుకెళ్ళి మంచిదాని మీద కూర్చుంటుంది, అయితే 30 రోజుల దాకా పాత రూపాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. మూడు నెలలకోసారి డిస్క్‌లోంచి ఏదో ఒక ఫైలు తీసి తెరుచుకుంటుందో లేదో చూస్తాను. ఒకసారి తెరుచుకోలేదు. కాపీ పూర్తవకముందే తొందరపడి వైరు పీకిందీ నేనే.

తాళం పడిన ఫైళ్ళ డిస్క్ మీద '2022' అని రాసి ఉంచాను. ఏడాదికోసారి మావాడు ఆ ఎమ్సీసాఫ్ట్ సాధనం కొత్తది దించి చూస్తాడు, మా తాళానికి చెవి ఇంకా లేదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. నా ప్రాసెసర్ ఏడో తరంది, విండోస్ 11 ఎక్కదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు సింక్ చేస్తే ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు డబ్బు లేకుండా ఇస్తామన్నారు, చేరాను. అది 2026 అక్టోబర్ 13 దాకా. ఈలోపు కొత్త కంప్యూటర్ కోసం ఎస్.పి. రోడ్డుకి వెళ్ళాలి. పోయిన నెల ఆ షాపుకే ఫోన్ చేసి ధరలు అడిగాను. అతను అన్నీ చెప్పి, అలవాటుగా, "విండోస్ మామూలుదే వేసేద్దాం కదక్కా?" అన్నాడు. బిల్లులో రాసి ఇచ్చేది ఎంతవుతుందో చెప్పమన్నాను. ఇంకా చెప్పలేదు.